టేపు మావయ్య అంగుళం

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. కుట్టుమిషను కొన్న రోజున మెడలో వేసుకున్న టేపుని కొలతకీ స్నానానికీ తప్ప మరెందుకూ తీయడు కాబట్టి చిన్నాపెద్దా అందరికీ ఆయన టేపు మావయ్య. అది పసుపుపచ్చని గుడ్డ టేపు. అంకెలు సగం చెరిగిపోయాయి. చెరిగిన చోట ఏ అంకె ఉండాలో ఆయన బొటనవేలికి తెలుసు. "కొత్తది కొనుక్కోరాదా మావయ్యా" అని ఎవరైనా నోరు జారితే, "పాతబడిందని మెడ మార్చుకుంటామా?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

మనిషి నెమ్మదస్తుడు. బట్టల కొట్లవాళ్ల పేరెత్తితే మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు. ఎవరు గుడ్డ తెచ్చినా బల్ల మీద పరిచి కొలిచేవాడు. కొలిచిన ప్రతిసారీ నాలుగు వేళ్ల మేర తక్కువొచ్చేది. "ఇదిగో, మళ్లీ కొట్టేశాడు! ఈ ఊళ్లో గుడ్డలమ్మేవాళ్లంతా కలిసి నాలుగు వేళ్లు తినాలని ఒట్టు పెట్టుకున్నారు" అని వీధి చివరిదాకా వినపడేలా తిట్టి, ఆ తరిగిన గుడ్డలోనే చొక్కా సరిపెట్టేవాడు. అతుకు మాత్రం వేసేవాడు కాదు. అతుకంటే ఆయన దృష్టిలో చేతకాదని బోర్డు రాసి గుమ్మానికి తగిలించుకోవడమే.

ఆయన భార్య సినిమా హాల్లో టికెట్లిచ్చేది. ఆ హాలు ఉన్నన్నాళ్లూ ఊరివాళ్లకి కంతలోంచి ఆమె చేతులు తప్ప ముఖం తెలియదు. వీధిలోవాళ్లకి టికెట్టత్తయ్య. వాళ్లిద్దరి కాపురం ఎలా సాగిందో చెబితే నవ్వొస్తుంది గానీ, నవ్విన తర్వాత కాస్త ఆలోచన కూడా వస్తుంది.

హాలువాళ్లు ఆమెకిచ్చిన ఉచిత సీటు ఒకటే, ఆఖరి వరసలో మూలది. ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు. పక్కింటి ముసలావిడ సాయంత్రం తోడు కూర్చునేది గానీ, సరిగ్గా సినిమాకి విశ్రాంతి పడే వేళకి ఆవిడకి నిద్ర ముంచుకొచ్చేది. కాబట్టి మావయ్య మిషను మూసి వెళ్లి మొదటి సగం చూసేవాడు. అత్తయ్య టికెట్ల గది సర్ది, లెక్క అప్పజెప్పి వచ్చేసరికి విశ్రాంతి. టీ బడ్డీ దగ్గర ఇద్దరూ కలిసి చెరో గ్లాసు తాగేవాళ్లు. ఆయన ఇంటికి, ఆమె లోపలికి. ఆమె వెళ్లి కూర్చునేసరికి ఆ సీటు ఇంకా వెచ్చగానే ఉండేది. అలా వాళ్లు ఊళ్లోకొచ్చిన సినిమాలన్నీ చూశారు. ఆయన మొదటి సగాలు, ఆమె రెండో సగాలు.

ఇంటికొచ్చాక ఎవరి సగం వాళ్లు చెప్పుకోవాలని ఒప్పందం. ఆమె చెప్పడంలో దిట్ట. చచ్చేవాళ్లని చంపి, ఏడ్చేవాళ్లని ఏడిపించి, కళ్లకి కట్టినట్టు చెప్పేది. ఆయన వంతు వచ్చేసరికి ఇలా ఉండేది: "హీరో నీలం చొక్కాతో వచ్చాడే. కాలరు సరిగా తిరగలేదు. వాళ్లమ్మ ఏదో అంది. గుండీలు ఒక్కోటి ఒక్కో రకం. తర్వాత వానొచ్చింది, లాగు కుంచించుకుపోయింది."

"ఆ అమ్మ ఏమంది?"

"అది వినలేదు. గుండీలు చూస్తున్నా."

ఈ మొదటి సగాలతో ఆమెకి ఏ కథా అర్థమయ్యేది కాదు. ఎవరు ఎవరిని ఎందుకు చంపారో తెలియకుండానే చావులన్నీ చూసింది. ముఖ్యంగా ఒక పడవవాడి సినిమా ఉంది. అది ఆ హాల్లో చాన్నాళ్లు ఆడింది, ఆమె రెండో సగం చూసిన ప్రతిసారీ ఆ పడవవాడిని తిట్టుకుంటూ వచ్చింది. పట్నంలో చదువుకుని పెద్దదైన కూతురు తండ్రి కోసం రేవుకి వస్తే, చెంప మీద ఒక్కటి కొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పడవేసుకుని వెళ్లిపోతాడు. "రాతిగుండె మనిషి!" అనేది. మొగుడి మీద కోపమొస్తే, "మీరూ ఆ పడవవాడి బాపతే" అనేది. అంతకు మించిన తిట్టు ఆ ఇంట్లో లేదు.

అత్తగారు పోయింది. హాలు కూడా మూతబడి సిమెంటు బస్తాల గోదామయింది. ఇప్పుడిద్దరికీ కావలసినంత తీరిక. కానీ అత్తయ్య ఇంట్లో టీవీలో సినిమా చూడదు. "తల వెనకనుంచి శబ్దం రాకపోతే అది సినిమా కాదండీ, వార్తలు" అని తీర్మానించేసింది. ఒక్క సినిమా అయినా ఆమె మొదటినుంచి చూడాలని మావయ్యకి కోరిక. పైకి చెప్పడు గానీ ఆ మొదటి సగాలన్నీ తాను తినేసి ఆమెకి గుండీలు మిగిల్చానని లోపల బాధ ఉంది.

ఇలా ఉండగా అత్తయ్య తమ్ముడు, ఆఫీసులో మెషీన్ల ముందు కూర్చునే ఉద్యోగి, కొత్త హోమ్ థియేటర్ కొనుక్కుని పాతది తెచ్చి అక్క ఇంట్లో పడేశాడు. నాలుగు స్పీకర్లు, ఒక ఆంప్లిఫయరు, డిస్కులు పెట్టే ప్లేయరు, బావ అడిగాడని పడవవాడి సినిమా డిస్కు.

"వైర్లేవిరా?" అన్నాడు మావయ్య.

"అవి నా దగ్గరే ఉంచుకున్నా బావా. కొసలకి బంగారు పూత. అవి ఎవరికైనా ఇస్తారా? నువ్వే ఏవో కొనుక్కో. అయితే ఒక మాట. ఆదివారం వస్తా. అప్పటికి మోగితే మీది. లేకపోతే మా ఆఫీసులో ఒకడు ప్రాణం తీస్తున్నాడు, వాడికిచ్చేస్తా."

"ఏరా, ఇచ్చినట్టా ఇవ్వనట్టా?" అంది అత్తయ్య.

"ఇచ్చినట్టే అక్కా. ఆదివారందాకా."

మావయ్య ఆ రోజు మిషను ముట్టుకోలేదు. గదికి కొలతలు తీశాడు. రెండు గోడల మధ్య దూరాన్ని భుజాలన్నాడు, కిటికీ కింది గోడని నడుమన్నాడు, గుమ్మం చుట్టూ టేపు తిప్పి చంక అన్నాడు. అత్తయ్య అవతలి కొస పట్టుకుని, "గదికి ఊపిరి బిగపట్టమని చెప్పండి" అంది. ఆయన ఆ వేళాకోళం పట్టించుకోలేదు. గోడవెంటే వెళ్లాలి, మూల తిరగాలి, మడతకి కాస్త వదలాలి. అన్నీ లెక్కేసుకుని, కొలతలు నోట్లో నెమరేసుకుంటూ వైర్ల కొట్టుకి బయల్దేరాడు.

ఆ కొట్టు ఒక సన్న సందులో ఉంది. పైనుంచి కిందికి వైర్ల చుట్టలు వేలాడుతూ ఉంటాయి, మధ్యలో కొట్టతను ఎక్కడున్నాడో గొంతుని బట్టి పోల్చుకోవాలి. అతను ముందుగా వేలంత లావున్న వైరు బయటికి తీశాడు.

"ఇది వేయండి పెద్దాయనా. పాడేవాడు పాటకి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది."

"ఊపిరి నాకెందుకు బాబూ, పాట చాలు." మావయ్య చవక వైరుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. "ఇది ఉతికితే కుంచించుకుపోతుందా?"

"వైరుని ఎవరుతుకుతారండీ?"

"అలవాటుగా అడిగాలే."

కొట్టతనికి పౌరుషం వచ్చింది. కళ్లు మూసుకోమని, ఒక వైరు పెట్టి పాట వినిపించాడు, మార్చి మళ్లీ వినిపించాడు. రెండోది బాగుందన్నాడు మావయ్య. "చూశారా! అదే ఖరీదైనది" అని తిరిగి చూస్తే అది చవకది. అతనికి నమ్మకం కుదరలేదు. "ఉండండి, నేను మూసుకుంటా, మీరు మార్చండి" అన్నాడు. మార్చాక మావయ్య కూడా మర్యాదకి కళ్లు మూసుకున్నాడు. అప్పుడే బల్బు కోసం వచ్చిన ఒకాయన, విషాద గీతం మోగుతుంటే ఇద్దరు మనుషులు కళ్లు మూసుకుని నిలబడి ఉండటం చూసి, ఎవరో పోయారనుకుని, తానూ కాసేపు తలవంచుకుని నిలబడి చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు. చివరికి ఏది ఏదో కొట్టతనికే గుర్తులేకుండా పోయింది. మావయ్య చవకవే కోయించాడు. స్పీకర్లకి నాలుగు వైర్లు, ప్లేయరు నుంచి టీవీకి బొమ్మ వెళ్లే వైరొకటి. అన్నీ చెప్పిన పొడవుకి కోసి, కొసలు బిగించి ఇచ్చాడతను.

ఇంటికొచ్చి గోడ వెంట పరిస్తే ఒక్కటీ అందలేదు! దగ్గరిది నాలుగు వేళ్లు తక్కువ, దూరంది మూరెడు తక్కువ. మావయ్య ముఖం జేవురించింది. "వీడు కూడానా! గుడ్డలవాళ్లతో వీడికేం చుట్టరికం?" అని వైర్లు భుజాన వేసుకుని మళ్లీ సందులోకి దూసుకెళ్లాడు.

అక్కడ జరిగిన రభస ఆ సందు ఇప్పటికీ చెప్పుకుంటుంది. కొట్టతను తన బల్లకి మేకులతో కొట్టిన ఇనుప కొలబద్ద మీద పరిచి చూపించాడు. సరిగ్గా ఉంది. మావయ్య తన టేపుతో కొలిచి చూపించాడు. తక్కువుంది. జనం మూగారు. సగం మంది ఇనుము వైపు, సగం మంది మావయ్య వైపు చేరారు. "దొంగ కొలబద్ద!" అన్నాడు మావయ్య. "దొంగ టేపు!" అన్నాడు కొట్టతను. అంత మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. మావయ్య మెడలోంచి టేపు తీసి, ఫెళ్లుమని ఆ ఇనుప బద్ద పక్కన పరిచాడు.

బద్ద అయిపోయినచోట టేపు మీద ఇంకా అంత అంకె రాలేదు. ఆ అంకె ఇంకో నాలుగు వేళ్ల అవతల ఉంది.

ఎవరూ నవ్వలేదు. ఏళ్ల తరబడి మెడలో వేలాడి, లాగి, చుట్టి, ముడేసి, ఆ గుడ్డ సాగింది. మనిషినీ దాంతోనే కొలిచాడు, గుడ్డనీ దాంతోనే కొలిచాడు. అందుకే ఏ చొక్కా ఎవరికీ బిగుతు కాలేదు. ఆయన లెక్క ఆయన గుమ్మం దాటి వేరేవాడి బల్ల మీదికి వెళ్లడం ఇదే మొదలు.

"నీ అంగుళం పెద్దది మావయ్యా, అంతే" అన్నాడు కొట్టతను, కోపం దిగిపోయి. ఆయన్ని అతను మావయ్య అనడం కూడా అదే మొదలు.

మావయ్య ఒక వైరు చుట్ట మీద కూలబడ్డాడు. ఊళ్లో బట్టల కొట్లన్నీ ఆయన కళ్లముందు తిరిగాయి. వాళ్లు ఏనాడూ ఏమీ తినలేదు. తిట్లు మాత్రం తిన్నారు.

"కోసిన వైరు వాపసు తీసుకోలేను గానీ, ఒక్కోదానికీ ఒక ముక్క కలిపి ఉత్తినే అతుకేసి ఇస్తా" అన్నాడు కొట్టతను.

అతుకన్న మాట వినగానే మావయ్య లేచి నిలబడ్డాడు. పరువు పోయింది సరే, దాని మీద అతుకు కూడానా? వైర్లు తీసుకుని నడిచాడు. ఇంట్లో టేపుని గోడ మేకుకి తగిలించాడు. మెడ తేలికైపోయి, తల ఏ వైపు పెట్టుకోవాలో తెలియక రెండు రోజులు పక్కకి వాల్చుకుని తిరిగాడు.

"పోనీ మళ్లీ కొనండి" అంది అత్తయ్య.

"ఒక చొక్కాకి రెండుసార్లు గుడ్డ తెప్పించేవాడు దర్జీ ఎలా అవుతాడే?"

శనివారానికి ఆయనకో ఆలోచన తట్టింది. గోడవెంట వెళితే అందదు సరే. గాల్లోంచి అడ్డంగా లాగితే? లాగాడు. అందింది! ఆంప్లిఫయరు నుంచి నాలుగు స్పీకర్లకీ వైర్లు గది మధ్యనుంచి, ఛాతీ ఎత్తున, బిగుతుగా, టాకాలేసిన కోటులాగా తయారయ్యాయి. బొమ్మ వైరు పొట్టిగా ఉంది కనుక టీవీయే ప్లేయరు వైపు వంగింది. సోఫా అడ్డమై వరండాలోకి వెళ్లిపోయింది. మధ్యలో ఒకే ఒక్క కుర్చీకి చోటు మిగిలింది. ఎవరూ తగులుకోకుండా వైర్ల మీద ఎర్రగుడ్డ పీలికలు కట్టాడు.

"ఇది ఇల్లా, బట్టలారేసే డాబానా?" అంది అత్తయ్య. అయినా వంటగదిలోకి వెళ్లాలంటే వంగాలి, వంగింది. గ్యాసు బండ తెచ్చినవాడు బండతో సహా వంగాడు. అద్దె అడగడానికొచ్చిన ఇంటాయన గుమ్మంలోనే వంగి, ఆ వంగుడు అలవాటు లేక, అద్దె మాట మర్చిపోయి నమస్కారం పెట్టి వెళ్లాడు.

ఆదివారం సాయంత్రం తమ్ముడొచ్చాడు. ఒక వైరు కింద దూరి, ఇంకో వైరు మెడకి తగిలి ఆగిపోయాడు.

"ఇదేంటి బావా! గోడలుండగా గాల్లో వేశావేం?"

"గాలి దగ్గర దారి" అన్నాడు మావయ్య.

"మోగుతుందా మరి?"

అత్తయ్య కుర్చీలో కూర్చుంది. మావయ్య డిస్కు పెట్టాడు. ముందు స్పీకర్లలో నీళ్ల చప్పుడు మొదలైంది. వెనక కుడివైపుదీ పలికింది. ఎడమది పలకలేదు. ఆ వైరు మరీ బిగుతై కొస స్పీకర్లోంచి ఊడి వచ్చేసింది. మావయ్య గుచ్చాడు, ఊడింది. మళ్లీ గుచ్చాడు, మళ్లీ ఊడింది. "నేను ముందే చెప్పాను, చవక వైర్లు" అంటూ తమ్ముడు సెల్‌ఫోన్ తీశాడు, ఆఫీసు స్నేహితుడికి చెప్పేయడానికి. ఈ సినిమా పోతే ఇక ఆమె ఏ సినిమా మొదలూ చూడదు. వైరు కొసని రెండు వేళ్లతో పట్టి, స్పీకరు వెనక కంతలోకి నొక్కి, అలాగే నిలబడిపోయాడు.

నీళ్లు అత్తయ్య తల వెనకనుంచి మోగాయి. ఆమె ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

"ఇటు చూడకు. అటు చూడు" అన్నాడు మావయ్య. "మొదలైపోయింది."

"మోగుతోంది" అని ఒప్పుకున్నాడు తమ్ముడు. "కానీ బావా, ఎంతసేపని..."

"ష్!" అంది అక్క. అతను వరండాలో సోఫా మీదికి వెళ్లి, కాసేపటికి గుర్రు పెట్టాడు.

మొదటి సగమంతా మావయ్య అలా నిలబడే ఉన్నాడు. చెయ్యి మారిస్తే శబ్దం పోతుందని మార్చలేదు. అత్తయ్య కళ్లార్పకుండా చూసింది. పడవవాడు పడుచువాడు. పెళ్లాం లేదు, చిన్న కూతురు. పిల్లని పట్నం బడికి పంపాలి, చలికి కోటు లేదు. అతను తన కోటే విప్పి, ఒక చేతిని మోచేతిదాకా కోసి, కింది అంచు కోసి, దీపం ముందు కూర్చుని, వేళ్లకి సూది గుచ్చుకుంటుంటే పిల్లకి చిన్న కోటు కుట్టాడు. రేవులో పిల్లని బస్సెక్కిస్తూ, "ఈ బురదలోకి మళ్లీ వచ్చావో, చెంప పగలగొడతా" అని నవ్వాడు. పిల్లా నవ్వింది. విశ్రాంతి పడింది.

అత్తయ్య కదల్లేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, కుర్చీలోనే వెనక్కి తిరిగింది. "అందుకా కొట్టాడు? ఇన్నేళ్లు ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టానే! ఇది నాకు చెప్పలేదేం మీరు?"

"చెప్పాను కదే. కోటు చెయ్యి ఒకటి పొట్టి, కుట్టు వంకర అని."

ఆమె తిట్టబోయింది. కానీ వాడుకలో ఉన్న పెద్ద తిట్టు ఇందాకే చెల్లకుండా పోయింది. ఆయన ఇంకా ఆ కొస నొక్కి పట్టుకునే ఉన్నాడని అప్పుడు గమనించింది. వైరు కింద వంగి వచ్చి, ఆయన వేళ్లలోంచి ఆ కొస తీసుకుంది.

"వెళ్లి కూర్చోండి. మిగతాది మీరు చూడలేదుగా."

"నువ్వు చెప్పావుగా, నాకు తెలుసు."

"చెప్పడం వేరు. వెళ్లండి, మొదలవుతోంది."

ఆయన వెళ్లి కూర్చున్నాడు. కుర్చీ వెచ్చగా ఉంది. రెండో సగం ఆయనకి వాక్యం వాక్యం తెలుసు, అయినా చూశాడు. కూతురు వచ్చింది. పడవవాడు కొట్టాడు. పడవెక్కి తెడ్డు వేశాడు. వెనక్కి చూడలేదు. ముసలివాడైపోయాడు, ఒంటి మీద అదే కోటు. తెడ్డు లాగుతున్న కుడిచెయ్యి మోచేతి నుంచి చలికి బోసిగా ఉంది.

బొమ్మ అయిపోయినా మావయ్య లేవలేదు. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. అక్కడ టేపు లేదు.

"చివరిదాకా ఆ చెయ్యి పొట్టిగానే ఉందా?" అన్నాడు. "ఎవరూ సరిచేయలేదా?"

"అన్నిసార్లు చూశాను గానీ ఆ చెయ్యి నా కంట పడనేలేదండీ" అంది ఆమె వెనకనుంచి. "ఎవరూ చేయలేదు."

"పది అంగుళాల గుడ్డ. పది అంగుళాలుంటే సరిపోయేదే." ఆయన కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "నా దగ్గరికి వచ్చి ఉంటే అతుకైనా వేసి పెట్టేవాడిని."

"ఎవరి అంగుళాలు?"

"నావే."

అత్తయ్య వైరు కొస వదిలేసి, ఎర్ర పీలికల కింద వంగి గోడ దాకా వెళ్లింది. మేకుకున్న టేపు తీసి తెచ్చి ఆయన మెడలో వేసి, టీ పెట్టడానికి వంటగదిలోకి వంగి వెళ్లింది.